సెలవు ఇచ్చారు, తీసుకోవడమే రాలేదు

పోయిన సంవత్సరం ఒక గురువారం పొద్దున పక్క సీట్లో అమ్మాయి నా వైపు తిరిగి "రేపటి మీటింగ్ పదింటికా పదకొండింటికా అండీ" అని అడిగింది, అంతే, నాకు కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఎవరూ నన్ను తిట్టలేదు, ఏ ప్రాజెక్టూ మునిగిపోలేదు. కాకపోతే ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే క్యాలెండర్ తెరవాలి, తెరిస్తే మిగతావన్నీ కూడా కనిపిస్తాయి, ఆ తెరవడం ఒక్కటే నా వల్ల కాలేదు. ఒక్క నిమిషం అని లేచి వాష్‌రూమ్ కి వెళ్ళి ఇరవై నిమిషాలు తలుపేసుకుని కూర్చున్నా. తర్వాత మొహం కడుక్కుని వచ్చి "పదకొండింటికి" అని చెప్పా. తప్పు చెప్పా, పదింటికే.

ఆ సాయంత్రం లీవ్ మెయిల్ రాద్దామని కూర్చుంటే ఏమని రాయాలో తెలీలేదు. "ఒంట్లో బాలేదు" అంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు, టేక్ కేర్ అంటారు, అయిపోతుంది. అదే "మనసు బాలేదు" అన్నామనుకోండి, ఏమైంది, ఎవరితోనైనా గొడవా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని మొదలవుతుంది. అంటే ఒంటికి బాగోకపోతే చాలు, మనసుకి మాత్రం బాగోకపోవడానికి ఒక కథ కూడా ఉండాలన్నమాట. నా దగ్గర కథ లేదు. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు డిలీట్ చేసి చివరికి జ్వరంగా ఉందని రాసి ఒక్క రోజు తీసుకున్నా, ఆ ఒక్క రోజూ మంచం మీద పడుకుని ఫోన్ లో ఆఫీస్ మెయిల్సే చూస్తూ కూర్చున్నా.

వెనక్కి తిరిగి చూస్తే అంతకు ముందు నాలుగైదు నెలల నుంచే నడుస్తోంది ఈ వ్యవహారం. రాత్రి మూడింటికి ఠక్కున మెలకువ, ఇంక నిద్ర పట్టదు, పొద్దున ఏడింటికి మాత్రం లేవబుద్ధి కాదు. ఆదివారం మధ్యాహ్నం నాలుగు దాటిందంటే గుండెల్లో రాయి. ఒకే మెయిల్ ఆరుసార్లు చదివినా ఏం రాసి ఉందో బుర్రకెక్కదు. అన్నిటికంటే నాకు భయమేసింది ఏంటంటే మనుషుల మీద విసుగు. నాకు ఇష్టమైన కొలీగ్ ఫోన్ చేసినా స్క్రీన్ మీద పేరు చూడగానే "అబ్బా వీడొకడు" అనిపించేది, నేను అలాంటి మనిషిని కాదు, అప్పట్లో మాత్రం అలానే తయారయ్యా. వీటన్నిటికీ నేను పెట్టుకున్న పేరు బద్ధకం. బద్ధకం వదలాలంటే ఇంకా ఎక్కువ పని చెయ్యాలి కదా, అదే చేశా. (ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ అప్పుడు ఎంత సీరియస్ గా నమ్మానో.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ జబ్బుల జాబితా ఒకటుంటుంది, దాని పదకొండో ఎడిషన్ ని 2019 లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, అందులో బర్నౌట్ గురించి రాశారు. జబ్బు అని రాయలేదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి అని రాశారు, పనిచేసే చోట ఒత్తిడి చాలాకాలం సర్దుబాటు కాకుండా ఉండిపోతే వచ్చేది అని. దానికి మూడు గుర్తులు, ఒకటి ఓపికంతా పిండేసినట్టు అయిపోవడం, రెండు పని మీద మనసు దూరమైపోవడం లేదా వెటకారం పెరిగిపోవడం, మూడు నేనేం చేసినా పనికిరావట్లేదు అనిపించడం. ఆ రెండోది చదివినప్పుడు మా కొలీగ్ ఫోన్ కాలే గుర్తొచ్చింది నాకు. ఈ బర్నౌట్ అనే మాటని 1974 లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ వ్యాసంలో వాడాడు, న్యూయార్క్ లో ఒక ఉచిత క్లినిక్ లో పనిచేసేవాళ్ళని చూసి, తన సంగతి కూడా చూసుకుని రాశాడు. ఆయన అన్నది ఏంటంటే ఇది ఎక్కువగా పట్టుకునేది పని మీద ప్రాణం పెట్టేవాళ్ళనే అని. బద్ధకస్తులని కాదు. ఈ ముక్క ఒక్కటి ఎవరైనా నాకు ముందే చెప్పుంటే బావుండేది.

ఐతే నాది ఉత్త బర్నౌట్ మాత్రమే కాదని తర్వాత తెలిసింది. ముందు మామూలు డాక్టర్ దగ్గరికెళ్ళా, ఆవిడ థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 అన్నీ చూపించుకోమంది, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా రక్తం తక్కువున్నా ఇలాగే నీరసం, ఏమీ చెయ్యబుద్ధి కాకపోవడం ఉంటాయట. అన్నీ నార్మల్. నిజం చెప్పనా, నార్మల్ అని వస్తే ఏడుపొచ్చింది నాకు. థైరాయిడ్ అయితే ఎంత హాయి, చెప్పుకోడానికి ఒక పేరుండేది. అక్కడి నుంచి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది. ఆయన ఒక కాగితం ఇచ్చాడు, తొమ్మిది ప్రశ్నలు, పోయిన రెండు వారాల్లో ఇది ఎంత తరచుగా ఉంది అని ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. నాకు 16 వచ్చాయి. జీవితంలో మార్కులు తక్కువ రావాలని కోరుకున్న పరీక్ష అదొక్కటే. చివరిది, తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బావుండు అనిపించిందా, మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అని. దాని దగ్గర పెన్ను ఆగింది. సున్నా పెట్టబోయి ఒకటి పెట్టా. ఆయన కాగితం చూసి ఆ ప్రశ్న గురించి సూటిగా, ఏ మాత్రం కంగారు లేకుండా అడిగాడు, నేనూ చెప్పేశా, అంతసేపూ మోస్తున్న మూటేదో దింపినట్టయింది. చదివేవాళ్ళలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే లీవ్ అప్రూవ్ అయ్యేదాకా, వచ్చే సోమవారం దాకా ఆగొద్దు, ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి, మరీ ఎక్కువగా ఉంటే ఎమర్జెన్సీకే వెళ్ళండి. ఛాతీలో నొప్పొస్తే ఆగం కదా.

డిప్రెషన్, దాంతోపాటు ఆందోళన అని చెప్పి మందులు రాశాడు, ఇవి పనిచెయ్యడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోపు కడుపులో తిప్పినట్టు ఉండచ్చు, పనిచెయ్యట్లేదని మధ్యలో మానెయ్యకండి అన్నాడు. ఆరు వారాలు సెలవు తీసుకోండి అన్నాడు. ఆరు వారాలా, వారం చాలదా అన్నా. "మందు పట్టడానికే నెల పడుతుందంటుంటే వారానికి వెళ్ళి ఏం చేస్తారు?" అన్నాడు. సర్టిఫికెట్ లో జబ్బు పేరు రాయాలా వద్దా అని నన్నే అడిగాడు, పనికి ఫిట్ గా లేరు, ఇన్నాళ్ళు విశ్రాంతి కావాలి అని రాస్తే చాలా చోట్ల సరిపోతుందట. అది ఒక్కో దేశంలో ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ రూల్స్ మీరు చూసుకోండి. నేను మాత్రం పేరు రాయించలేదు. సిగ్గనే అనుకోండి. ఇప్పుడైతే రాయిస్తానా? ఏమో, మనుషుల్ని బట్టి.

మా మేనేజర్ తో మాట్లాడే ముందు రెండు రోజులు రిహార్సల్ వేసుకున్నా, ఇలా అంటే అలా అనాలి అని. కూర్చున్నాక తీరా నేను చెప్పింది ఒక్క వాక్యం. ఆయన సర్టిఫికెట్ చూసి "అయ్యో, తప్పకుండా తీసుకోండి" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేను తలుపు దాకా వెళ్ళాక "మరీ అర్జెంట్ అయితే మాత్రం ఒక ఫోన్ చేస్తాం, పర్లేదుగా" అన్నాడు, నేను "పర్లేదండీ" అనేశా. ఆ పర్లేదు ఖరీదు నాకు మూడు వారాలు.

ఇంక హ్యాండోవర్ నోట్. పదకొండు పేజీలు రాశా, నమ్మండి. అందులో రెండు పేజీలు ఒక్క శుక్రవారం రిపోర్ట్ గురించే. ప్రతి శుక్రవారం సాయంత్రం మూడు గంటలు కూర్చుని నాలుగు చోట్ల నుంచి అంకెలు తెచ్చి ఒకచోట పేర్చి పద్నాలుగు మందికి పంపేదాన్ని, ఏ కాలమ్ లో ఏది, ఏ రంగు ఎందుకు, ఎవరు ఏం అడుగుతారు, అన్నీ రాశా. డిప్రెషన్ కి సెలవు పెట్టే మనిషి చివరి రోజు రాత్రి పదకొండు దాకా ఆఫీసులో కూర్చుని రంగుల గురించి రాయడం, దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

అందరూ అనుకునేది సెలవు మొదటి రోజు నుంచి మనిషి తేలికపడతాడని. నాకు మూడో రోజుకి నిజంగానే జ్వరం వచ్చింది, ఆ రోజు అబద్ధం రాసినందుకేమో అనుకున్నా. కొంతమందికి పని ఆపగానే, వీకెండ్ కో సెలవులకో, తలనొప్పో జ్వరమో వస్తుందట, ఆడ్ వింగర్‌హూట్స్ అనే డచ్ సైకాలజిస్ట్ దాన్ని లీజర్ సిక్‌నెస్ అన్నాడు. జ్వరం తగ్గింది గానీ బుర్ర ఆగలేదు. మంచం మీద పడుకున్నా మనసు ఆఫీసు కారిడార్ లోనే తిరుగుతోంది, పలానా మెయిల్ కి రిప్లై ఇచ్చారా, ఆ క్లయింట్ ఏమన్నాడు, నా గురించి ఏమనుకుంటున్నారు. ఫోన్ మోగకపోయినా మోగినట్టు అనిపించి చూసుకునేదాన్ని. ఇంట్లోవాళ్ళకి తెలీకుండా బాత్రూంలోకి వెళ్ళి మెయిల్ యాప్ తెరిచేదాన్ని, ఆఫీసులో ఉన్నప్పుడు ఏడవడానికి బాత్రూం, సెలవులో ఉన్నప్పుడు పని చెయ్యడానికి బాత్రూం. తొమ్మిదో రోజు మా అక్క పట్టుకుంది. తలుపు తెరవగానే చెయ్యి చాపి "ఇటివ్వు" అంది. "నువ్వు సెలవులో ఉన్నావా దొంగచాటుగా డ్యూటీలో ఉన్నావా? వాళ్ళు నీకు సెలవు ఇచ్చారే, తీసుకోవాల్సింది నువ్వు" అంది. ఫోన్ లోంచి ఆఫీస్ యాప్ లన్నీ తనే తీసేసింది. మేనేజర్ కి మాత్రం నాతోనే మెసేజ్ పెట్టించింది, అర్జెంట్ అయినా నన్ను అడగొద్దు, పలానా వాళ్ళని అడగండి అని. ఆయన వెంటనే ఓకే అని పెట్టాడు. అంతే, ఓకే. మొదటి రోజే ఈ మాట చెప్పుంటే సరిపోయేది కదా అనిపించింది, కానీ చెప్పే ఓపికే ఉంటే సెలవెందుకు.

యాప్ తీసినా బుర్రలో తిరిగేవి ఆగవుగా. మందులతో పాటు మాట్లాడడానికి వెళ్తున్న థెరపిస్ట్ కి చెప్తే తిరుగుతున్నవన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన దీన్ని ఎప్పుడు ఎవరు ఎలా చూస్తారు అని ఒక్క లైన్ రాయమంది. సగంలో వదిలేసిన పనులు బుర్రని వదలవు అని 1927 లోనే బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్ట్ రాసిందట, పూర్తయిన వాటికంటే సగంలో ఆగినవే ఎక్కువ గుర్తుంటాయని. తర్వాత వేరేవాళ్ళు చేసిన వాటిలో అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు గానీ, 2011 లో వచ్చిన ఒక పరిశోధనలో ఇంకో సంగతి తేలింది, పని పూర్తి చెయ్యక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా ప్లాన్ రాసుకున్నా ఆ గోల తగ్గుతుందని. నేను రాస్తే ముప్పై ఒకటి తేలాయి. అందులో ఇరవై ఆరింటి పక్కన "నేను కాదు, వేరేవాళ్ళు" అని వచ్చింది. అది చూసి కాసేపు రిలీఫ్, కాసేపు రోషం.

ఆ తర్వాతే సెలవు మొదలైంది అని చెప్పాలి, అప్పటికి దాదాపు మూడో వారం. ఇక్కడి నుంచి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చాలా బోరింగ్ గా గడిచింది, బోరింగ్ గా గడవడమే కావాల్సింది కూడా. నేనైతే లిస్ట్ వేసుకున్నా, ఒక ఆన్‌లైన్ కోర్సు, రోజూ వ్యాయామం, ఎనిమిది పుస్తకాలు. థెరపిస్ట్ చూసి "సెలవుకి కూడా టార్గెట్లు పెట్టుకున్నారా?" అని నవ్వింది. దాని బదులు గంట గంటకీ ఏం చేశానో రాసి పక్కన రెండు అంకెలు వెయ్యమంది, చేస్తున్నప్పుడు ఎంత సంతోషం, చేశాక ఎంత తృప్తి, పదికి. బట్టలు మడత పెట్టడం, సంతోషం 1, తృప్తి 6. ఫోన్ లో వీడియోలు చూస్తూ రెండు గంటలు, సంతోషం 3, తృప్తి 0. మొక్కలకి నీళ్ళు, 4, 5. మూడ్ వచ్చాక పని చెయ్యడం కాదు, చిన్న పని చేస్తే దాని వెనక మూడ్ వస్తుంది అనేది దీని సిద్ధాంతం, మొదట్లో నాకు అస్సలు నమ్మకం లేదు, చిన్నపిల్లల హోంవర్క్ లా ఉంది అనుకున్నా, నాలుగో వారానికి అంకెలు నిజంగానే కదిలాయి. అందులో మందు వాటా ఎంత, కాగితం వాటా ఎంత, నిద్ర వాటా ఎంత అంటే చెప్పలేను. నిద్రకి ఒక్కటే రూల్ పాటించా, రాత్రి పట్టినా పట్టకపోయినా పొద్దున ఆరున్నరకే లేవడం, నిద్ర రానప్పుడు మంచం దిగిపోవడం. మొదటి వారం నరకం. తర్వాత మూడింటి మెలకువ వారానికి రెండుసార్లకి తగ్గింది.

ఒకరోజు సాయంత్రం నడుస్తుంటే ఆఫీసులో పనిచేసే ఒకతను ఎదురుపడ్డాడు, సరిగ్గా నేను అక్కతో ఏదో మాట్లాడి పగలబడి నవ్వుతున్న టైంలో. "ఏంటండీ, ఒంట్లో బాలేదన్నారు?" అన్నాడు. మామూలుగానే అడిగాడేమో, నాకు మాత్రం దొంగతనం చేస్తూ దొరికినట్టయింది, రెండు రోజులు బయటికి వెళ్ళలేదు. థెరపిస్ట్ కి చెప్తే "నవ్వడం కోసమే కదా సెలవు తీసుకుంది" అంది. పాయింటే. కానీ జబ్బు అంటే మూలుగుతూ కనపడాలి అనే లెక్క నా బుర్రలో కూడా ఎంత గట్టిగా ఉందో ఆ రోజే తెలిసింది, అతన్ని అనుకుని ఏం లాభం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నాకు జీతంతో కూడిన సెలవుంది, ఫోన్ లాక్కునే అక్క ఉంది. రోజు పని మానితే రోజు కూలి పోయేవాళ్ళకి ఈ కథంతా చెప్పి మీరు కూడా ఆరు వారాలు తీసుకోండి అనడానికి నోరు రాదు. డిప్రెషన్, ఆందోళన వల్ల ప్రపంచం మొత్తమ్మీద ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని, దాని విలువ లక్ష కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్తున్నాయి. మనిషి నలిగిపోతున్నాడంటే వినని చెవులు డాలర్లంటే వింటాయని ఆ లెక్క వేసుంటారు, వెయ్యనీ. పూర్తి సెలవు దొరకనివాళ్ళు కనీసం నైట్ షిఫ్టులు మార్పించుకోవడం, కొన్నాళ్ళు గంటలు తగ్గించుకోవడం అడగచ్చు, అదీ కుదరని చోట్లు బోలెడని నాకు తెలుసు.

తిరిగి వెళ్ళడం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నన్నడిగితే సెలవు కంటే అదే ముఖ్యం. సెలవుల వల్ల వచ్చిన తేలిక మళ్ళీ పనిలో పడ్డాక కొద్ది వారాల్లోనే ఆవిరైపోతుందని దాని మీద పరిశోధన చేసినవాళ్ళు చెప్తారు, అర్థమవుతూనే ఉంది, నేను మారి వచ్చా గానీ నా కుర్చీ మారలేదు, అదే క్యాలెండర్, అవే పద్నాలుగు మంది. సెలవుకి ముందు నెల నా గంటలు లెక్కేస్తే వారానికి 58 వచ్చాయి. వారానికి 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం రిస్క్ 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే రిస్క్ 17 శాతం ఎక్కువని 2021 లో అవే రెండు సంస్థలు లెక్క తేల్చాయి. ఈసారి మేనేజర్ దగ్గరికి నాకేం కావాలో కాగితం మీద రాసుకునే వెళ్ళా. మొదటి రెండు వారాలు సగం రోజులు, తర్వాత రెండు వారాలు రోజుకి ఆరు గంటలు, సాయంత్రం ఆరు తర్వాత కాల్స్ లేవు, డాక్టర్ కూడా అలాగే రాసిచ్చాడు. "చూద్దాం" అన్నాడు మేనేజర్. ఈసారి నేను తలుపు దాకా వెళ్ళలేదు, అక్కడే కూర్చున్నా. "ఎప్పుడు చూద్దామండీ?" అన్నా. గొంతు వణికింది గానీ అన్నా. అన్నీ ఇవ్వలేదు, సాయంత్రం ఆరు తర్వాత కాల్స్ వద్దన్న రూల్ ఇప్పటికీ వారానికోసారి తప్పుతుంది, సగం రోజులు మాత్రం ఇచ్చాడు.

మందులు ఇంకా వాడుతున్నా, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు ఆపకూడదన్నాడు డాక్టర్, ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా తగ్గిస్తాడట. మొన్నామధ్య ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం మళ్ళీ నింపితే 5 వచ్చాయి. చెడ్డ రోజులు ఇప్పటికీ వస్తాయి, ఆదివారం నాలుగింటికి రాయి లేదు గానీ ఒక గులకరాయి ఉంది.

అసలు చెప్పాలనుకున్నది మర్చిపోయా. తిరిగొచ్చిన మొదటి శుక్రవారం, రిపోర్ట్ ఇన్నాళ్ళూ ఎవరు చేశారో వాళ్ళ ఫైల్ తీసుకుందామని పక్క సీట్ అమ్మాయిని అడిగా. "ఏ రిపోర్ట్ అండీ?" అంది. నేను లేని ఆరు వారాలూ ఎవరూ పంపలేదు. పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా ఏదీ అని అడగలేదు. ఆ రోజు సాయంత్రం ఐదున్నరకి లాప్‌టాప్ మూసి ఇంటికొచ్చేశా. తర్వాత వారం కూడా పంపలేదు. తొమ్మిది నెలలైంది, ఇంకా ఎవరూ అడగలేదు.